పొలమారినంత మాత్రాన

అన్నం తింటుంటే పొలమారుతుంది. పక్కనున్నవాళ్లు నడినెత్తి మీద తట్టి, నీళ్ల గ్లాసు అందిస్తూ "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు. తెలుగిళ్లలో దీనికి ఇంకే వివరణా అక్కర్లేదు. తలుచుకున్న మనిషి పక్క వీధిలో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా ఒకటే. అక్కడ తలపు పుట్టడం, ఇక్కడ మెతుకు అడ్డం పడడం ఒకే క్షణంలో జరిగిపోతాయి. అంటే కాంతివేగాన్ని ఖాతరు చేయని సమాచార వ్యవస్థ ఒకటి మనకు ఎప్పట్నుంచో ఉందన్నమాట. కాకపోతే అందులో ఓ లోపం. ఎవరు తలుచుకున్నారో అది చెప్పదు. ఎందుకు తలుచుకున్నారో అసలే చెప్పదు. అందుకే దగ్గు తగ్గాక పేర్లు చదవడం మొదలవుతుంది: పిన్ని అయ్యుంటుంది, మొన్న ఆవిడ ఫోను ఎత్తలేదు, లేదంటే పెద్దమామ, ఆయనకు డబ్బులివ్వాలి.

ఈమధ్య పొలమారడానికి కొత్త పేరొచ్చింది. క్వాంటం ఎంటాంగిల్‌మెంట్. యూట్యూబ్‌లో తెలుగు వీడియోలే బోలెడు. రెండు కణాలు ఒకసారి ముడిపడితే చాలు, ఒకటి ఇక్కడ, ఇంకొకటి విశ్వం అవతలి అంచున ఉన్నా దీనికేమైతే దానికి వెంటనే తెలిసిపోతుందట. కాబట్టి తల్లీబిడ్డల మధ్య, ప్రేమికుల మధ్య, గురుశిష్యుల మధ్య ఉన్నది అదేనట. వెనక వేణువు సంగీతం, ముందు నీలి రంగులో తిరిగే గోళాలు. నేను హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతికేదాన్ని కాబట్టి ఇలాంటివి ఏడాదికి ఓ పాతిక నా ఫోనుకు వస్తాయి. చూసి నవ్వుకుని వదిలేస్తాను. ఒకటి మాత్రం వదలలేకపోయాను. అది పంపింది మా తమ్ముడు. వాడు దాన్ని ఒక వాదనకు సాక్ష్యంగా పంపాడు.

మాది వర్గల్. గుట్ట మీద విద్యా సరస్వతి గుడి ఉన్న ఊరు. వసంత పంచమి నాడు వచ్చారంటే పలకలు, బలపాలు, ఏడ్చే పిల్లలు, వాళ్ల వేళ్లు పట్టుకుని బియ్యంలో రాయించే తల్లిదండ్రులు తప్ప ఇంకేం కనపడరు. మా అమ్మ ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంటుంది. తమ్ముడు డాలస్‌లో. రెండేళ్ల కింద వాడి ఉద్యోగం పోయింది. హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మిగిలేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ లోపు ఇంకోటి దొరక్కపోతే పెట్టె సర్దుకోవాలి. గడువు ఇంకో వారం ఉందనగా తక్కువ జీతానికి ఓ కాంట్రాక్టులో చేరాడు. ఈ సంగతి నాకు మొదటి వారంలోనే చెప్పాడు. అమ్మకు చెప్పలేదు. నన్నూ చెప్పొద్దన్నాడు. "చెప్పాల్సింది నువ్వు, నేను కాదు" అన్నాను, వారానికోసారి అదే మాట అంటూ వచ్చాను. వాడు చెప్పింది ఐదు నెలల తర్వాత.

ఆ ఐదు నెలల్లో వాడు నాతో అన్న మాట ఇది: "అమ్మకు చెప్పాల్సిన పనే లేదక్కా. ఆమెకు తెలిసిపోతది. నాకు ఇక్కడ మనసు బాగలేకుంటే ఆమెకు అక్కడ ముద్ద దిగదు, చిన్నప్పటి సంది గంతే గదా." ఆ తర్వాత వీడియో. "ఎంటాంగిల్‌మెంట్ అంటే గిదే గదా, నువ్వే పాఠం చెప్తవ్."

ఫోటాన్లను పిండి నీతి తీయడం నాకిష్టం లేని పని. భౌతికశాస్త్రం మన ఇళ్ల తగవులు తీర్చడానికి పుట్టలేదు. కానీ వాడే దాన్ని సాక్షిగా పిలిచాడు. పిలిచాక ఆ సాక్షి ఏమంటుందో పూర్తిగా వినాలి కదా.

రెండు ఫోటాన్లు తీసుకుందాం. ఒకేచోట ముడిపడి పుట్టాయి, ఒకటి వర్గల్‌కు, ఒకటి డాలస్‌కు వెళ్లాయి. ఒక్కో ఫోటాన్‌ను మనం ఒక్క ప్రశ్న అడగొచ్చు. నువ్వు నిలువా, అడ్డమా? లేదంటే, నువ్వు ఈ ఐమూలా, ఆ ఐమూలా? అడిగాక దాని పాత స్థితి పోతుంది, మళ్లీ అడిగే వీలుండదు. అమ్మ, తమ్ముడు ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగితే జవాబులు ప్రతిసారీ కలుస్తాయి. ఇక్కడ నిలువంటే అక్కడా నిలువే.

ఇందులో వింతేముంది అనొచ్చు మీరు. జాన్ బెల్ అనే ఐరిష్ శాస్త్రవేత్త కూడా ముందు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాడు. ఆయన స్నేహితుడు రైన్‌హోల్డ్ బెర్టల్‌మన్‌కు రెండు కాళ్లకు రెండు రంగుల మేజోళ్లు వేసుకునే అలవాటు. ఒక కాలిది గులాబీ అని చూస్తే చాలు, రెండోది గులాబీ కాదని చూడకుండానే తెలిసిపోతుంది. కాలి నుంచి కాలికి ఏ కబురూ పోలేదు. పొద్దున్నే బీరువా దగ్గర అయిపోయిన సంగతి అది. 1981లో బెల్ ఈ మేజోళ్ల మీద ఏకంగా ఓ వ్యాసమే రాశాడు. ఫోటాన్ల సంగతీ ఇంతేనా, పుట్టినప్పుడే జవాబులు జేబులో పెట్టుకుని బయల్దేరాయా అన్నది అసలు ప్రశ్న. దానికి పరీక్ష ఏమిటో 1964లో ఆయనే కనిపెట్టాడు. నిలువుకీ ఐమూలకీ మధ్య కోణాల్లో కూడా ప్రశ్నలడిగి పొంతన ఎంతుందో లెక్కేయాలి. మేజోళ్ల లాంటి ఏర్పాటుకు ఆ పొంతన ఒక హద్దు దాటదు. ఫోటాన్లు దాటాయి. క్లౌజర్, ఆస్పే, జైలింగర్ దశాబ్దాల పాటు చేసిన ప్రయోగాలకు 2022లో నోబెల్ ఇచ్చింది అందుకే.

కాబట్టి తమ్ముడి వీడియో సగం నిజమే చెప్పింది. ఆ ముడి నిజం. మామూలు మేజోళ్ల ముడి కాదు కూడా. 2008లో జెనీవా దగ్గర 18 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊళ్ల మధ్య నికొలాస్ జిసాన్ బృందం ఇంకో లెక్క తేల్చింది. ఒక ఫోటాన్ నుంచి ఇంకోదానికి నిజంగానే ఏదో "పోతోంది" అనుకుంటే, దాని వేగం కాంతికి కనీసం పదివేల రెట్లుండాలి. ఇక్కడే వీడియో ఆపేసి షేర్ చేస్తారు.

ఆపకుండా ఇంకో అడుగు వేయండి. డాలస్‌లో తమ్ముడు ప్రశ్నను ఎంచుకోగలడు. జవాబును ఎంచుకోలేడు. నిలువు అని రావాలని వాడు ఎంత కోరుకున్నా రాదు, సగంసార్లు నిలువు, సగంసార్లు అడ్డం, బొమ్మాబొరుసు. అటువైపు వాడు నిలువు-అడ్డం అడిగినా, ఐమూలలు అడిగినా, అసలేమీ అడక్కుండా ఫోటాన్‌ను గోడకేసి కొట్టినా, వర్గల్‌లో అమ్మ దగ్గరున్న పట్టీ ఒకేలా ఉంటుంది: సగం ఇది, సగం అది, వరసా వావీ లేకుండా. ఆ పట్టీని వెయ్యేళ్లు చూసినా కొడుకు ఏం చేశాడో అందులో కనపడదు. రెండు పట్టీలను పక్కపక్కన పెట్టినప్పుడే "అరే, కలిశాయి" అన్నది బయటపడుతుంది. పక్కపక్కన పెట్టాలంటే వాడి పట్టీ ఇక్కడికి రావాలి. ఫోనులోనో, ఈమెయిల్‌లోనో, పోస్టులోనో. కాంతివేగంతో, లేదా అంతకంటే నెమ్మదిగా.

ఈ అడ్డంకిని దాటాలని ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. నాకు చాలా ఇష్టమైన కథ నిక్ హెర్బర్ట్‌ది. కాలిఫోర్నియాలో పెద్దగా ఉద్యోగం సద్యోగం లేకుండా, హిప్పీల మధ్య ఫిజిక్స్ చర్చలు నడిపిన మనిషి. ఆయనకో ఉపాయం తట్టింది. వచ్చిన ఒక్క ఫోటాన్‌కు జిరాక్స్ తీసి వంద చేస్తే? అప్పుడు సగాన్ని ఒక ప్రశ్న, సగాన్ని ఇంకో ప్రశ్న అడగొచ్చు. ఏ సగంలో జవాబులన్నీ ఒక్కటే వస్తే, అవతల అడిగింది ఆ ప్రశ్నే అని తేలుతుంది. ఇక కాంతిని మించిన టెలిగ్రాఫ్ చేతిలో ఉన్నట్టే: నిలువు-అడ్డం అడిగితే "క్షేమం", ఐమూలలు అడిగితే "కష్టంలో ఉన్నా". 1982లో ఆ వ్యాసం అచ్చయింది కూడా. పత్రిక దాన్ని పరిశీలనకు పంపినవాళ్లలో గిరార్డి అనే ఇటాలియన్ ఇది తప్పు, వేయొద్దు అన్నాడు. ఆషర్ పెరెస్ మాత్రం తప్పని తెలిసే వేయమన్నాడు. ఎక్కడ తప్పో వెతికే క్రమంలో మంచి ఫిజిక్స్ బయటికొస్తుందని ఆయన నమ్మకం. వచ్చింది. అదే ఏడాది వూటర్స్, జూరెక్ కలిసీ, డీక్స్ విడిగానూ తేల్చి చెప్పారు: తెలియని క్వాంటం స్థితికి జిరాక్స్ తీయడం ప్రకృతిలో సాధ్యం కాదు. హెర్బర్ట్ తప్పులో నుంచి పుట్టిన ఆ నియమం మీదే ఇవాళ్టి క్వాంటం కమ్యూనికేషన్ అంతా నిలబడింది. తప్పని తెలిసీ అచ్చుకు ఒప్పుకున్న పెరెస్ చేసింది సరైనదేనా అని నా స్టూడెంట్లను అడుగుతుంటాను. ప్రతి ఏడాదీ క్లాసు రెండుగా చీలుతుంది.

క్వాంటం కమ్యూనికేషన్ అనగానే వేగం అనుకుంటాం. 2020 డిసెంబర్‌లో మన హైదరాబాద్‌లోనే, డీఆర్‌డీఓకు చెందిన డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ప్రయోగశాలల మధ్య 12 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ మీద ఇలాంటి వ్యవస్థను నడిపి చూశారు. వార్త వచ్చిన రోజు మా స్టాఫ్‌రూమ్‌లో ఒకరు "ఇక సిగ్నల్ ఆలస్యమే ఉండదట" అన్నారు. ఉంటుంది. గాజు ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, శూన్యంలో పోయే 3 లక్షల్లో మూడింట రెండొంతులు. 12 కిలోమీటర్లకు ఒక సెకనులో పదిలక్షలో వంతులు ఓ 60 పడతాయి. క్వాంటం అయినంత మాత్రాన అందులో ఒక్కటీ తగ్గలేదు.

మరి లాభం? రహస్యం. ఒక్కొక్క ఫోటాన్‌గా పంపిన సంకేతాల నుంచి రెండు చివర్లా ఒకే తాళంచెవి తయారవుతుంది, అంటే ఒకే అంకెల వరస. మధ్యలో ఎవరైనా తొంగిచూస్తే, జిరాక్స్ తీయలేరు కాబట్టి, చూసిన ప్రతి ఫోటాన్‌నూ కాస్త పాడుచేస్తారు. పొరపాట్ల శాతం పెరుగుతుంది, దొంగ దొరికిపోతాడు. హైదరాబాద్‌లో ఆ పట్టుకోవడాన్ని కూడా పరీక్షించారు. అయితే ఈ పద్ధతుల్లో 1984లో బెనెట్, బ్రసార్డ్ వేసిన తొలి దారి నుంచి ఇప్పటిదాకా మారనిది ఒకటుంది. ఫోటాన్లు అందాక రెండు చివరలవాళ్లూ మామూలు లైను మీద, అందరూ వినేట్టు మాట్లాడుకోవాలి: ఏది ఎలా కొలిచాం, ఏది ఉంచుదాం, ఏది పారేద్దాం. ఆ సాదా సంభాషణ లేకపోతే చేతిలో ఉన్నది అర్థంలేని అంకెల చెత్త. 1993లో బెనెట్, ఆయన సహచరులు ప్రతిపాదించిన క్వాంటం టెలిపోర్టేషన్‌దీ ఇదే కథ. అంత గొప్ప పేరు పెట్టుకుని, చివరికి రెండు బిట్ల సమాచారం మామూలు దారిలో వచ్చేదాకా అవతలివాడు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

6 వేల కోట్లకు పైగా పెట్టి కేంద్రం 2023లో నేషనల్ క్వాంటం మిషన్ మొదలుపెట్టింది. అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటున్నారు. మంచిదే, మా పిల్లలకు ఉద్యోగాలొస్తే ఇంకా మంచిది. దానితోపాటు ఈ "వెంటనే తెలిసిపోతుంది" అన్న పుకారు కూడా ఊరూరా చేరుతుందేమోనన్నదే నా భయం.

వర్గల్ నుంచి డాలస్‌కు భూమి వంపు వెంట దాదాపు 14 వేల కిలోమీటర్లు. కేబుల్ తిన్నగా పోయినా ఒక మాట చేరడానికి సెకనులో పద్నాలుగో వంతు. పోయి జవాబు రావడానికి దానికి రెట్టింపు, ఒక రెప్పపాటు. అంతకంటే తగ్గదు. మా తమ్ముడికి అడ్డొచ్చింది ఈ రెప్పపాటు కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అడ్డొచ్చిందేమిటో చెప్పే ముందు ఆ పరిమితి గురించి ఇంకొక్క మాట. కాంతిని దాటి కబురు పోకూడదన్నది మొండి సర్కారీ రూలులాగా కనపడుతుంది కానీ, అది కాపాడేది చాలా విలువైనదాన్ని. ముందు-వెనకలను. రెండు దూరపు ఊళ్లలో జరిగిన రెండు సంఘటనల్లో ఏది ముందు అన్నది, చూసేవాడి వేగాన్ని బట్టి మారొచ్చని ఐన్‌స్టైన్ 1905లోనే చూపించాడు. ఒకదాన్నుంచి ఇంకోదానికి కాంతి కూడా చేరలేనంత తక్కువ వ్యవధి ఉన్నప్పుడే ఈ తారుమారు సాధ్యం. అలాంటి సంఘటనల మధ్య కారణం-ఫలితం అన్న బంధం ఉండదు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. కాంతిని దాటి కబురు పోగలిగితే మాత్రం, తగినంత వేగంగా పోతున్న ఇంకొకరి లెక్కలో అది బయల్దేరకముందే చేరినట్టవుతుంది. ఒకదానికొకటి దూరంగా పరుగెత్తుతున్న ఇద్దరి దగ్గరా అలాంటి యంత్రాలుంటే, నేను ప్రశ్న అడగకముందే నాకు జవాబు వచ్చేట్టు చేయొచ్చు. రిచర్డ్ టోల్‌మన్ 1917లోనే ఈ చిక్కును రాసిపెట్టాడు.

ప్రశ్నకు ముందు జవాబొచ్చే లోకంలో "ఎందుకు చెప్పలేదు?" అని ఎవరినీ అడగలేం. చెప్పడానికి ముందు ఒక కాలం, చెప్పిన తర్వాత ఒక కాలం ఉంటేనే, ఆ మధ్యలో ఒక మనిషి నోరు మూసుకున్నాడన్నది ఒక పని అవుతుంది. నింద, క్షమాపణ, మన్నించడం ఇవన్నీ ఆ వరస మీదే ఆధారపడ్డాయి. ఆలస్యం లేని లోకంలో అబద్ధం ఉండదు, నిజమే. కానీ చెప్పడం అనేదీ ఉండదు.

సరే, అమ్మ. ఆమెకు నిజంగానే తెలిసింది. ఇది దాటేసి పోతే ఆమెకు అన్యాయం చేసినట్టే. మూడో వారంలో నాకు ఫోన్ చేసి "వాడు ఏదో దాస్తుండు. ముద్ద దిగుతలేదు నాకు" అంది. తమ్ముడికి ఇది చెబితే "చూశినవా, నేను చెప్పలే!" అన్నాడు, గెలిచినట్టు. నేను అమ్మనే అడిగాను, ఎట్లా తెలిసిందని. ఆమె మొదట "తల్లిని గదా" అంది. అందరూ అనే మాట. కాసేపాగి అసలు సంగతి చెప్పింది. "వాడు ఫోన్ చేస్తే ఎనుక కారు సప్పుడు వస్తుండె. ఇప్పుడొస్తలేదు."

వాడు రోజూ ఆఫీసుకు కారులో పోతూ చేసేవాడు. అక్కడ పొద్దున ఎనిమిదిన్నర, ఇక్కడ రాత్రి ఏడు. ఉద్యోగం పోయాక కూడా వేళ తప్పకూడదని సరిగ్గా అదే టైముకు, ఇంట్లో కూర్చుని చేశాడు. వేళ కలిసింది. చప్పుడు కలవలేదు. ఆమె అది విన్నది. ఇంకా విన్నవి ఉన్నాయి: ఆఫీసులో పక్క సీటు గుజరాతీ అతని ముచ్చట్లు ఆగిపోయాయి, "మళ్లీ చేస్తా" అని తొందరపడడం పోయి మాటలు సాగదీయడం మొదలైంది. ఇవన్నీ 14 వేల కిలోమీటర్లు సముద్రాల అడుగున ఫైబర్‌లో వచ్చినవే. ఇందులో ఒక్కటీ కాంతిని దాటలేదు. ఈ విద్య కూడా ఆమెకు ఊరికే రాలేదు. తమ్ముడు ఆరో తరగతి నుంచి వర్గల్ నవోదయలో చదివాడు. ఊరు అదే, బడి అదే, అయినా హాస్టల్ కాబట్టి కలవనిచ్చే రోజు దాకా చూడ్డానికి లేదు. ఆ ఒక్క పూటలో వాడి కాలర్ మురికి, కొరుక్కున్న గోళ్లు, డబ్బాలో మిగిలిపోయిన కారప్పూస చూసి నెల రోజుల సంగతి రాబట్టుకోవాలి. ఏడేళ్లు అలా చదివింది వాణ్ని.

దీన్ని ఎంటాంగిల్‌మెంట్ అన్నామంటే, ఆమె చేసిన పనంతా మాయమైపోతుంది. ఏ శ్రమా లేకుండా, కణం లాగా, ఆమెకు "అయింది" అన్నట్టు. అమ్మలకు అన్నీ తెలిసిపోతాయి అనే మాట మన సినిమాల్లో, పాటల్లో, మదర్స్ డే స్టేటస్‌లలో ఎంత తీయగా ఉంటుందో చూడండి. ఆ తీపి కింద ఉన్నది ఒక సదుపాయం. ఆమెకు తెలిసిపోతుంది కాబట్టి నేను చెప్పక్కర్లేదు. ఆమె ముద్ద దిగక కూర్చోవడం నా తరఫున ఆమె చేసే ఉద్యోగం అయిపోతుంది. నాకేమో నోరు నొచ్చదు.

అయినా ఆమెకు తెలిసింది ఎంత? ఏదో తేడాగా ఉంది. అంతే. ఒంట్లో బాగాలేదా, భార్యతో గొడవా, పోలీసు కేసా, ఉద్యోగమా? ఆ ఐదు నెలలు ఆమె ఈ నాలుగూ పడింది. వాడు పడింది ఒక్కటే. మొదటి నెల జబ్బు అనుకుని గుట్ట మీద మొక్కులు మొక్కింది. రెండో నెల కోడలిని అనుమానించి ఆ అమ్మాయితో ముభావంగా మాట్లాడింది, ఆ పిల్ల ఇక్కడ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. పట్టీ ఆమె దగ్గరుంది. పక్కన పెట్టుకోవడానికి రెండో పట్టీ లేదు.

తమ్ముడి దగ్గర ఇంకో వాదన కూడా ఉండింది. అది ఎంటాంగిల్‌మెంట్ కంటే బలమైనదే. "చెప్తే ఆమె ఏం చేస్తది? అక్కడ కూసోని బాధపడుడు తప్ప." దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. క్యాన్సర్ అని తేలితే పేషెంటుకు చెప్పకుండా ఇంట్లోవాళ్లకు చెప్పే డాక్టర్లున్న దేశం మనది; చెప్పకపోవడం ప్రేమే అని మనస్ఫూర్తిగా నమ్మినవాళ్లను నేను చూశాను, వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఎనభై ఏళ్ల మనిషికి, రేపటితో ఏ పనీ లేనిచోట, ఒక చావు కబురు ఒక వారం ఆపడం తప్పా? తప్పని నేను గట్టిగా అనలేను.

కానీ "ఏం చేస్తది?" అన్న ప్రశ్నకు జవాబు ముందే మనకు తెలుసు అనుకోవడంలోనే తేడా ఉంది. భౌతికశాస్త్రంలో కబురుకు నిర్వచనం చాలా పొడిగా ఉంటుంది. అవతల నేనేం ఎంచుకున్నానన్న దాన్ని బట్టి ఇవతల నువ్వు వేరేగా ఏదైనా చేయగలిగితే, అది కబురు. చేయలేకపోతే అది వట్టి పొంతన. ముడిపడ్డ ఫోటాన్ల మధ్య ఎంత వింత పొంతన ఉన్నా అది కబురు కాదన్నది అందుకే. దాన్ని బట్టి ఇవతలి చివర ఎవరూ ఏ నిర్ణయమూ మార్చుకోలేరు. అమ్మకు ఐదు నెలలు ఉన్నది పొంతన. దిగులు నిజం, ఆ దిగులుకు కారణం నిజం, రెండూ ఒకదానికొకటి సరిగ్గా సరిపోయాయి కూడా. దానితో ఆమె చేయగలిగింది ఏమీ లేదు.

కబురు అంది ఉంటే చేయగలిగేదేనా? ఇది ఊహించాల్సిన పని లేదు. ఆ ఎండాకాలం వర్గల్‌లో ఇంటి చుట్టూ ప్రహరీ కడుతున్నారు. కోతుల బాధ, పక్కన కొత్త ప్లాట్ల గొడవ. డబ్బు తమ్ముడిది. ఉద్యోగం పోయిన నెల కూడా, ఆ తర్వాత సగం జీతం వచ్చిన నెలల్లో కూడా, పాత లెక్క ప్రకారమే పంపాడు, ఒక్క రూపాయి తగ్గకుండా. తగ్గిస్తే అమ్మకు తెలిసిపోతుందని! ఆమెకు ఎలాగూ తెలిసిపోతుందన్నవాడే ఇది కూడా అన్నాడు. రెండూ ఒకే నోటితో ఎలా అన్నావురా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. సగం డబ్బు క్రెడిట్ కార్డు మీద తీసింది. కాబట్టి అమ్మకు ముద్ద దిగలేదు, రాత్రుళ్లు నిద్ర పట్టలేదు, పగలు మేస్త్రీకి కూలి లెక్కగట్టి ఇచ్చింది, సిమెంటు తెప్పించింది, గోడ వరస మీద వరస లేచింది.

చివరికి ఒక ఆదివారం వాడే చెప్పాడు. నేను ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను, ఫోను స్పీకర్‌లో ఉంది. వాడు మొదలుపెట్టగానే "నాకెర్కనే" అంది అమ్మ. నాకు గుండె ఆగింది, ఇదిగో వీడి వాదన గెలిచిపోయింది అనుకున్నాను. "ఎర్కైతే ఇంకేందమ్మా" అన్నాడు వాడు, తేలికపడిన గొంతుతో. "ఎర్కనే. అయినా నువ్వు చెప్పు, మొదటి సంది చెప్పు" అంది. వాడు నలభై నిమిషాలు చెప్పాడు. ఎప్పుడు పోయింది, ఎంత అప్పయింది, కొత్తచోట ఎంతిస్తున్నారు, కోడలు ఏమంది. ఆమె మధ్యలో ఆపి అంకెలు అడిగింది. కోడలి పేరు వచ్చినప్పుడు ఫోను ఆమెకివ్వమని, పక్క గదిలోకి వెళ్లి విడిగా మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

తెల్లారి మేస్త్రీ వస్తే లెక్క తేల్చి, ఇక రావొద్దని చెప్పింది. తూర్పు వైపు గోడ ఛాతీ ఎత్తు దాకా వచ్చి ఆగింది. మిగిలిన ఇటుకలు పక్కింటివాళ్లకు అమ్మేసింది. కోతులు మాత్రం వస్తూనే ఉన్నాయి.